డేటాను దిద్దడం మానితేనే కోడ్ నిలబడుతుంది

2014లో జావా 8 లాంబ్డాలను, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్లను తెచ్చుకుంది. సీ షార్ప్ 2007లోనే లింక్ (LINQ) పేరుతో, సీ ప్లస్ ప్లస్ 2011లో ఆ దారి పట్టాయి. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్‌లోకి 2019లో క్లాసులు లేకుండానే పని జరిపే హుక్స్ వచ్చాక, కొత్త కాంపొనెంట్లను క్లాసులుగా రాసేవాళ్లు బాగా తగ్గిపోయారు. డేటాను, దాన్ని మార్చే కోడ్‌ను ఆబ్జెక్టులుగా కలిపి కట్టే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ (ఓఓపీ) ప్రపంచం, ప్రోగ్రామ్‌ను ఫంక్షన్లతో అల్లే ఫంక్షనల్ భాషల దగ్గర ఏళ్లుగా అప్పు చేస్తూనే ఉంది. ఇక అప్పులు చాలు, నేరుగా ఆ భాషలకే మారాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లిస్టులను మలిచే మ్యాప్, ఫిల్టర్ లాంటి ఫంక్షన్లు వాడితే ఫంక్షనల్ కోడ్ రాసేశామని చాలామంది అనుకుంటారు. దాని అసలు బలం వేరేచోట ఉంది. ఒకసారి పుట్టిన విలువ మళ్లీ మారదు. మంచి గుమాస్తా పద్దుల పుస్తకంలో పాత అంకెను చెరిపి కొత్తది రాయడు, కింద ఇంకో పద్దు వేస్తాడు. అందుకే ఎప్పుడు ఏం జరిగిందో ఆ పుస్తకమే చెబుతుంది. మనం రోజూ రాసే జావా కోడ్‌లో మాత్రం ఆబ్జెక్ట్‌లోని విలువను ఎవరు ఎప్పుడు మార్చారో వెతకడానికే సగం రోజు పోతుంది.

ఒక అకౌంట్ ఆబ్జెక్ట్‌లో వెయ్యి రూపాయల బ్యాలెన్స్ ఉందనుకోండి. రెండు థ్రెడ్లు, అంటే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు పనులు, ఒకేసారి వచ్చి చెరో 800 తీయబోయాయి. రెండూ చూసినప్పుడు వెయ్యి ఉంది కాబట్టి రెండూ తీసేశాయి. దీన్ని ఆపాలంటే ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిని ఆపే లాక్ వేయాలి. ఎక్కడో ఒక్కచోట లాక్ మర్చిపోతే లెక్క తప్పుతుంది. ఒకటికి రెండు లాకులు వేస్తే, ఒక థ్రెడ్ కోసం ఇంకోటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ బగ్ మన ల్యాప్‌టాప్‌లో కనిపించదు, టెస్టింగ్‌కీ దొరకదు. లోడ్ బాగా పెరిగిన రోజు ప్రొడక్షన్‌లో బయటపడుతుంది, ఆ టెన్షనంతా ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడి మీద పడుతుంది.

ఫంక్షనల్ భాషల్లోనూ బ్యాలెన్స్ మారాల్సిందే. కానీ ఆ మార్పు ఎక్కడ జరగాలో భాషే గిరి గీస్తుంది. క్లోజర్ (Clojure) భాషలో అందుకు ఆటమ్‌లు, రెఫ్‌లు అనే ప్రత్యేకమైన పెట్టెలున్నాయి. హాస్కెల్ భాషలో ఒక ఫంక్షన్ ఫైళ్లు, నెట్‌వర్క్ లాంటి బయటి ప్రపంచాన్ని ముట్టుకుంటుందో లేదో దాని టైప్ చూస్తేనే తెలుస్తుంది. మిగతా కోడంతా, ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఎన్నిసార్లయినా ఒకే జవాబిచ్చే ఫంక్షన్లే. వాటిని టెస్ట్ చేయడానికి మాక్‌లు (అసలువాటి బదులు పెట్టే ఉత్తుత్తి ఆబ్జెక్టులు), నకిలీ డేటాబేస్‌లు అక్కర్లేదు.

దీనికి వాట్సాప్ కంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు. ఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్‌సన్ 1980ల్లో తయారుచేసుకున్న ఎర్లాంగ్ భాషలోనే దాని సర్వర్లు నడిచాయి. ఎర్లాంగ్‌లో ప్రాసెస్‌లు, అంటే విడివిడిగా నడిచే చిన్న పనులు, మెమరీని పంచుకోవు, మెసేజ్‌లు పంపుకుంటాయి. ఒకటి కూలిపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ మళ్లీ లేపుతుంది, పక్కవాటికి దెబ్బ తగలదు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించినప్పుడు దానికి 45 కోట్ల మంది యూజర్లున్నారు, ఇంజినీర్లు మాత్రం 32 మందే. ఘనతంతా భాషదే అనను. కానీ అంత చిన్న టీమ్ అంత పెద్ద వ్యవస్థను మోయడంలో ఆ డిజైన్ పాత్ర చాలా పెద్దది.

ఈ భాషలు తెలిసినవాళ్లు దొరకరని, విలువ మారిన ప్రతిసారీ కాపీ చేస్తే మెమరీ దండగని, మోనాడ్ (పనులను వరసగా గొలుసుకట్టే పద్ధతి) లాంటివి బుర్రకెక్కవని అవతలివాళ్లు అంటారు. కాపీల భయానికి జవాబు ఎప్పుడో దొరికింది. మారని భాగాన్ని పాత, కొత్త విలువలు రెండూ పంచుకుంటాయి. మనుషుల కొరత నిజమే, కానీ నేర్పకపోవడం వల్ల వచ్చిన కొరత అది. బెంగళూరులో నమ్మ యాత్రి ఆటో యాప్ బ్యాకెండ్‌ను హాస్కెల్‌లో రాసింది మన దేశపు ఇంజినీర్లే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నేర్పకపోవడమే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఓఓపీ అంటే నాలుగు స్తంభాలు. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని పిల్లలు కంఠతా పట్టి ఇంటర్వ్యూలో అప్పజెబుతారు. యానిమల్ క్లాస్ నుంచి డాగ్ క్లాస్ తీయడం అందరికీ వచ్చు. ఒక ప్రోగ్రామ్ రేపు కూడా ఇదే జవాబిస్తుందని ఎలా నమ్మాలో మాత్రం నాలుగేళ్లలో ఎవరూ అడగరు. ఇంటర్‌లో ఫంక్షన్లు, మ్యాట్రిక్సులు దంచి వచ్చిన పిల్లలకు రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అంత కష్టమేమీ కాదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో హాస్కెల్ కోర్సు ఉచితంగా చూడొచ్చు. యూనివర్సిటీలు రెండో ఏడాది జావా ల్యాబ్ పక్కన ఒక ఫంక్షనల్ ల్యాబ్ పెట్టాలి. ఇంటర్వ్యూలు చేసే సీనియర్లు కూడా ఆ నాలుగు స్తంభాల ప్రశ్న వదిలేసి, ఇందాకటి అకౌంట్ లెక్కను బోర్డు మీద రాసి, రెండు థ్రెడ్లు వస్తే ఏమవుతుందో చెప్పమనాలి.