క్వాసీపార్టికల్ గారికి బహిరంగ లేఖ

క్వాసీపార్టికల్ గారికి నమస్కారం.

సూపర్‌కండక్టర్‌లో (అడ్డు లేకుండా కరెంటు పారే లోహంలో) జంట విడిపోయి ఒంటరిగా తిరిగే ఎలక్ట్రాన్ లాంటివారు మీరు. నిన్న రాత్రి మూడింటికి మీ ఆయుష్షు గ్రాఫ్ చూశాను. మళ్ళీ అదే బల్లపరుపు గీత. ఫ్రిజ్ చల్లబడటానికి రెండు రోజులు, ఫ్రిజ్ గ్యాసును శుభ్రం చేసే ట్రాప్‌లో లిక్విడ్ నైట్రోజన్ నింపడానికి నా ఆదివారం, అన్నీ మీకే సమర్పించుకున్నాను కదండీ.

నా అనుమానం ఒక్కటే. అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది, ఇంకా చల్లబరిస్తే మీ జనాభా దబదబా పడిపోవాలి, సూపర్‌కండక్టర్ల గుట్టు విప్పిన 1957 నాటి బీసీఎస్ సిద్ధాంతం చెప్పేది అదే. 20 మిల్లీకెల్విన్‌లో (0.02 కెల్విన్) నా డిటెక్టర్‌లోని అల్యూమినియం ఫిల్మ్ అంతా గాలించినా మీలో ఒక్కరు కూడా దొరక్కూడదు. అలాంటి ఖాళీ ఇంట్లోకి ఎల్ఈడీ మెరుపుతో కూపర్ జంటల్ని (జతకట్టిన ఎలక్ట్రాన్లను) విడగొట్టి మిమ్మల్ని పంపాను. మొదట్లో మీలో మీరే జత కట్టి మాయమైనా, చివర్లో మిగిలినవాళ్ళు తోడు దొరక్క చాలాసేపు తిరగాలి. మీరేమో రెండు మిల్లీసెకన్లలో మాయం! 160 మిల్లీకెల్విన్ నుంచి 20 దాకా ఎంత చల్లబరిచినా అదే రెండు. ఎవరూ లేని ఇంట్లో తోడు ఎవరు దొరికారండీ? పిలవని పేరంటానికి ముందే వచ్చి నక్కినవాళ్ళు ఎవరు? బయటి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దూరి జంటల్ని విడగొడుతోందేమోనని డబ్బాలో డబ్బా పెట్టాను, నల్లపూత పూశాను, మూత స్క్రూలు మళ్ళీ బిగించాను. (కాస్మిక్ కిరణాల సంగతి వదిలేయండి, పైనుంచి వచ్చేవాటితో నాకు పేచీ లేదు.)

పోనీ కలిసేటప్పుడైనా మర్యాదగా కలుస్తారా? అప్పుడు వదిలే ఫోనాన్ (కంపన రేణువు) పలచటి ఫిల్మ్ దాటి కింది సిలికాన్‌లోకి జారుకోవచ్చుగా? అబ్బే, చాలాసార్లు దారిలో ఇంకో కూపర్ జంట కాపురం కూల్చిగాని పోదు. భౌతిక శాస్త్రవేత్తలు రాత్‌వార్ఫ్, టేలర్ 1967లోనే మీ మీద సమీకరణాలు రాసి పెట్టారు, చార్జిషీటులాగా.

గ్రాఫ్ చూసి మా గైడ్ గారు "ఇంట్రెస్టింగ్" అన్నారు. అంటే ఇంకో ఆరు నెలలు.

అసలు నువ్వెవరివి? కాస్త ఎలక్ట్రాన్, కాస్త హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ), పూర్తిగా ఏదీ కాదు. నీకు గారు ఒకటి!

క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ల) వాళ్ళు నువ్వు ఉన్నావని తిడతారు. నేను త్వరగా పోతున్నావని తిడుతున్నాను, ఎందుకంటే నువ్వు ఎంతసేపు తిరిగితే నా డిటెక్టర్ అంత సన్నటి వెలుగును పసిగడుతుంది. ఇంకొక్క మిల్లీసెకన్ ఉండు. ఆ గీత కొంచెం పైకి లేస్తే మళ్ళీ గారు అంటాను.

ఉంటాను, ట్రాప్‌లో నైట్రోజన్ అయిపోతోంది.