మహారాజశ్రీ పబ్లిక్ హియరింగ్ గారికి

మహారాజశ్రీ ప్రజాభిప్రాయ సేకరణ సభ గారి సముఖానికి,

దామరచర్ల నుంచి లంబాపూర్ దాకా ఉన్న నల్లగొండ జిల్లా జనం దండాలు పెట్టి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ షామియానా, మీ ప్లాస్టిక్ కుర్చీలు, మాట మధ్యలో మూగబోయే మీ మైకు క్షేమమని తలుస్తాం.

గనికో ప్లాంటుకో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్ళ మాట వినడానికి తమరు 1997లో పుట్టి, 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌తో మళ్ళీ బారసాల చేయించుకున్నారు. మా జిల్లాకు కొత్త చుట్టమేం కాదు. 2003లో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం కోసం వచ్చారు. లంబాపూర్‌లో పైనుంచి తవ్వే గని, పెద్దగట్టులో భూగర్భ గనులు, చెంతనే నాగార్జునసాగర్ నీళ్ళు. ఆ గనులు నేటికీ తెరుచుకోలేదు. అది మీ చలవేనని మేమూ అనం, మీరూ అనరు.

ఇప్పటి సంగతి బొగ్గు. మా దగ్గర అది పుట్టదు. గోదావరి లోయలో పుట్టి, రైలెక్కి వచ్చి, మా వీర్లపాలెం థర్మల్ కరెంటు ప్లాంటులో కాలుతుంది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. అందుకే భూపాలపల్లి దగ్గరో మణుగూరు దగ్గరో ఓపెన్ కాస్ట్ బొగ్గు గని (పైనుంచి తవ్వేది) కోసం మీరు షామియానా వేస్తే అది మాకు పరాయి ఇంటి పెండ్లి కాదు. వాళ్ళకు గని తవ్వి పోసిన మట్టి దిబ్బలు, మాకు బూడిద చెరువు. పంపకాలు బాగానే అయినయి.

మీలో మాకు బాగా నచ్చిన గుణం, కోరం లేకపోవడం. పాల సొసైటీ మీటింగుకైనా ఇంతమంది రావాలని లెక్క ఉంటుంది. మీకు ముగ్గురొచ్చినా మూడు వేల మంది వచ్చినా ఒకటే. చేతులెత్తించరు, ఓట్లు లెక్కపెట్టరు. ఊరు ఊరంతా వద్దని గొంతు చించుకుంటే మినిట్స్‌లో 'దుమ్ము గురించి కొందరు ప్రస్తావించారు' అని ఒక్క ముక్క. ఉద్యోగాలు అడిగినవాళ్ళకు మాత్రం రెండు పేరాలు. ఇది తెలిసొచ్చినంక మాలో అరిచేవాళ్ళు తగ్గి రాసేవాళ్ళు పెరిగారు. మన్నించాలి.

ముప్పై రోజుల ముందు నోటీసు ఇస్తారు, సంతోషం. పర్యావరణ ప్రభావ నివేదిక మొత్తం ఇంగ్లీషులో, దిండంత లావు. తెలుగులో సారాంశం మాత్రం నాలుగు పేజీలు. అసలు కాపీని కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో చూడొచ్చంటారు. బీరువా తాళం ఉన్న గుమాస్తా ఆ నెలంతా సెలవులో ఉండటం కేవలం యాదృచ్ఛికం.

అయినా దొరికింది, చదివాం. నీళ్ళ అధ్యాయం మాకు ప్రీతి. బొగ్గు గని గొయ్యి నీటిమట్టం కన్నా లోతుకు పోతుంది. అందులో ఊరే నీళ్ళను మోటార్లు రాత్రింబవళ్ళు తోడుతుంటే చుట్టుపక్కల భూమిలోని నీళ్ళన్నీ గరాటాలో జారినట్టు గొయ్యి వైపే జారతాయి. ముందు ఎండేది పాత బాయి, తర్వాత చేతిపంపు, ఆఖరికి బోరు. నివేదికలో కొలత ఏ నెలదో చూస్తే సగం గుట్టు తెలుస్తుంది. వానకాలం వెళ్ళిన వెంటనే కొలిచి వదిలేస్తే, పెండ్లి భోజనం చేసి లేచినోడిని చూపి ఊళ్ళో ఆకలి లేదన్నట్టే. మే నెల కొలత కూడా కావాలి. బాయి సర్వే నంబరు, నీళ్ళ లోతు, తేదీ ముందే నోటుబుక్కులో రాసుకున్న ఊరు రేపు నష్టం చూపగలదు. రాసుకోని ఊరికి 'వానల్లేక ఎండింది' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. మా నేల వేరు, మా రాయి వేరు. అయినా బోరు లోతుకు పోతే ఏమవుతుందో మర్రిగూడలో ఎవరినడిగినా చెబుతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్ళు తాగొద్దన్న లెక్క మా పిల్లలకు ఎక్కాల కన్నా ముందే వస్తుంది.

గనిలో పేలుళ్ళ పేజీ కూడా చూశాం. ఊరివాళ్ళ ఇళ్ళ దగ్గర, 8 హెర్ట్జ్ కన్నా తక్కువ పౌనఃపున్యంలో (అంటే సెకనుకు 8 సార్ల కన్నా తక్కువ ఊగితే), నేల కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే చెప్పింది. మరి ఆ కొలిచే యంత్రం ఎక్కడ పెట్టారు, గెస్ట్‌హౌస్ వరండాలోనా, గనికి దగ్గరున్న ఇంటి గోడ పక్కనా? గోడ పగులుకు అడ్డంగా సున్నం పట్టీ పూసి తేదీ రాస్తున్నాం. పట్టీ చిట్లిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు, మేస్త్రీ చాలు.

మట్టి దిబ్బల వాలు 28 డిగ్రీలు దాటొద్దన్న షరతు అనుమతి పత్రాల్లో కనబడుతుంది. వానలకు ఆ కాగితం మీద నమ్మకం లేదు.

ఉన్న గనిని పెద్దది చేసుకోవడానికైతే కొన్నిసార్లు మిమ్మల్ని పిలవకుండానే పని కానిచ్చుకునే దారులున్నాయట. మీ ఇంటి శుభకార్యానికి మీకే పిలుపు లేకపోతే మనసుకెంత కష్టం! వీర్లపాలెంలో ఇంకో ముచ్చట. 2022లో పర్యావరణ కేసులు వినే హరిత ట్రైబ్యునల్ అక్కడి ప్లాంటు అనుమతిని ఆపి, మళ్ళీ అధ్యయనం చేయమన్నది. అది నినాదాలకు కాదు, నివేదికలోని కొరతలను ఎత్తిచూపిన కాగితాలకు. మీరు 2024లో మళ్ళీ వచ్చి, చిమ్నీలు లేచి నిలబడ్డ చోటున, ప్లాంటు కట్టవచ్చునా అని మమ్మల్ని అడిగారు. కడుపులో బిడ్డ కాళ్ళు తన్నుతుంటే పెండ్లిచూపులకొచ్చినంత ముద్దుగా ఉండింది.

అనుమతి వచ్చినంక ట్రైబ్యునల్‌కు పోవడానికి 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ లెక్క గోడ మీద రాసి పెట్టుకున్నాం.

చివరగా చిన్న మనవి. సభ ముగిసే ముందు వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని జనం భాషలో అక్కడికక్కడే చదివి వినిపించాలని మీ నిబంధనే చెబుతోంది. ఆ వేళకు అందరం ప్యాకెట్ల లైన్లో ఉంటాం కాబట్టి అది కుర్చీలకు చదివి వినిపిస్తున్నారు. ఈసారి ఎవరం కుర్చీల్లోంచి లేవం. రాసిచ్చిన ప్రతి అభ్యంతరానికీ అందినట్టు సంతకం, ముద్ర తీసుకుంటాం. మీ వీడియోతో పాటు మా ఫోన్లూ తిరుగుతుంటాయి. కనుక ఆ బిర్యానీ ప్యాకెట్లు చదువుడు అయినంకనే పంచమని వంటాయనకు చెప్పగలరు.

ఇట్లు,
మీరు వినవలసినవాళ్ళం