పదిహేనో పదం

మొన్న మా కాలేజీలో 'విద్యార్థుల్లో అధ్యయన, పరిశోధనా నైపుణ్యాల పెంపు' మీద రెండు రోజుల జాతీయ సదస్సు జరిగింది. జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె దొరక్క ముప్పావుగంట ఆలస్యమైంది గానీ, శాలువాలు మాత్రం వేళకే వచ్చాయి. ముఖ్య వక్త తెర వైపు తిరిగి, తెర మీద ఉన్నదంతా మాకు చదివి వినిపించారు. జాతీయ సదస్సు ఎలా అయిందని అడిగితే, బళ్లారి నుంచి ఒకాయన వచ్చారన్నారు. అందరికీ తలో సంచీ, ప్యాడు, పెన్ను, సర్టిఫికెట్టు.

రెండు రోజులు మథించగా తేలిందేమిటంటే, మన పిల్లలకు పరిశోధన చేతకాదట. ఈ అభియోగాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. పిల్లల ప్రతిభ చూడాలంటే సెమినార్ హాల్లో కూర్చుంటే ఎలా? పరీక్షకు ముందు రాత్రి కాలేజీ గేటు ఎదుటి జిరాక్స్ షాపుకు వెళ్లాలి.

"ఏ బ్రాంచి తమ్మీ?"

"ఈసీఈ అన్నా."

"ఆర్ పద్దెనిమిదా, ఆర్ ఇరవై రెండా?"

"ఇరవై రెండు."

"మామూలుదా, మైక్రోనా?"

మూడే ప్రశ్నల్లో పని పూర్తి. మా లైబ్రరీలో ఇంత చురుగ్గా అడిగేవారూ లేరు, ఇంత స్పష్టంగా చెప్పేవారూ లేరు. హైదరాబాద్ జేఎన్‌టీయూ సిలబస్ 2018లో ఎలా ఉండేదో, 2022లో ఎలా మారిందో అన్నకు నోటికొచ్చు. పద్దెనిమిది అన్నవాణ్ని కాస్త జాలిగా కూడా చూస్తాడు, పాపం ఇంకా సబ్జెక్టులు మిగిలున్నాయని. ఇక మైక్రో అంటే, యూనిట్ మొత్తాన్ని అరచేతిలో ఇమిడేలా కుదించిన జిరాక్స్. సారాంశం రాయడం నేర్పడానికి మేం సెమిస్టరంతా తంటాలు పడతాం. ఆ కుర్రాడు దాన్ని చొక్కా మడతలో పెట్టుకుని పోతాడు.

ఆ పక్కనే గట్టు మీద నలుగురు కుర్రాళ్లు ఐదేళ్ల పాత పేపర్లు పరుచుకుని కూర్చుంటారు. ఏ ప్రశ్న ఏడాది విడిచి ఏడాది వస్తోంది, ఏది వరుసగా రెండుసార్లు వచ్చి అలిసిపోయింది, ఐదు యూనిట్లలో ఏ రెంటికి నీళ్లొదిలినా గట్టెక్కొచ్చు అనేది లెక్క. ఆ నలుగురిలో ఇద్దరు నా క్లాసులో సంభావ్యత తప్పినవాళ్లే. గట్టు మీద మాత్రం వాళ్ల లెక్క తప్పగా నేను చూడలేదు.

లైబ్రరీలు వెలవెలబోతున్నాయన్న ఏడుపు కూడా వినబడింది. అబద్ధం. ఉస్మానియాలో పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. కాకపోతే చదివే గ్రూప్స్ పుస్తకాలు, డీఎస్సీ మెటీరియలు ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు. బీరువాల్లోని పుస్తకాల నిద్ర చెడగొట్టరు. అది సంస్కారం.

ప్రాజెక్టుల సంగతి సరేసరి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఓ గంట తిరిగితే కోడు, రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ ఒకే సంచీలో వచ్చేస్తాయి. బ్యాచీకి నలుగురు. ఒకడు బేరమాడతాడు, ఒకడు మోసుకొస్తాడు, ఒకడు స్పైరల్ బైండింగ్ చేయిస్తాడు, నాలుగోవాడు పేరిస్తాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని వెనకటివాళ్లు పరిశోధకులను ఎగతాళి చేసేవారు. మనవాళ్లు ఎలుకను కొనుక్కొచ్చి, దానికి తగిన కొండ ఫొటో జతచేస్తున్నారు.

అసలు పాండిత్యం బయటపడేది థీసిస్ దగ్గర. యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల్లోగా తిరగరాసివ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇందులో ఓ వెసులుబాటుంది. అందరికీ తెలిసిన విషయమో, కాకతాళీయంగా కలిసిన మాటలో అయితే వరుసగా 14 పదాల దాకా లెక్కలోకి రావు. రాసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, మా పిల్లలకు అర్థమైంది ఒక్కటే: స్వంత ఆలోచన పదిహేనో పదం దగ్గర మొదలవ్వాలి. దేశంలోని థీసిస్‌లన్నీ దాచే చోటుకు శోధ్‌గంగ అని పేరు పెట్టినవారు దూరదృష్టి గలవారు. గంగ అన్నాక ఒకరు విడిచిన బట్ట ఇంకొకరు కట్టుకుపోవడం మామూలే.

ఆ పదిహేనో పదాన్ని మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. దీనికి అంతర్జాతీయ ఖ్యాతి కూడా ఉంది. 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రపంచవ్యాప్తంగా అచ్చయిన పత్రాల్లోంచి ఇలాంటి మాటలు ఏరారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయింది, అంటే దొంగ చైతన్యం. బ్రెస్ట్ క్యాన్సర్ 'బూజమ్ పెరిల్' అయింది. తెలుగులో చెప్పుకుంటే వక్షోగండం. ఇంత కవిత్వం మా సాహిత్య శాఖలో కూడా ఈ మధ్య చూడలేదు.

కిందటేడు మా పీజీ కుర్రాడొకడు ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. పోలిక తొమ్మిది శాతం. ముచ్చటేసి మొదటి పేజీ నుంచి తిరగేశాను. కృతజ్ఞతల పేజీలో ఇలా ఉంది: 'రాత్రింబవళ్లు నేను ఈ కృషిలో మునిగి ఉంటే, ఇద్దరు పిల్లలనూ కంటికి రెప్పలా చూసుకున్న నా భర్తకు ఎంతో రుణపడి ఉన్నాను.'

కుర్రాడి వైపు చూశాను. ఇరవై రెండేళ్లుంటాయి. మీసం ఇంకా పూర్తిగా రాలేదు.

"ఇదేంటి నాయనా?"

వాడు వంగి పేజీ చూసి, నాకు నిబంధనలు తెలియవని నొచ్చుకుంటూ, మెల్లగా అన్నాడు: "కృతజ్ఞతలు పోలికలో కలపరు కదా సార్."