నాన్నకి చెప్పొద్దు డాక్టర్ గారూ

మా పెద్దనాన్నకు ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని తేలిన రోజు ఇంట్లో అందరం కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. ఆయనకు చెప్పకూడదని. అల్సర్ అన్నాం. రిపోర్టులు అన్నయ్య బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఆయన కంటే ముందు మాలో ఒకరు లోపలికి వెళ్లి, "నాన్నకి చెప్పొద్దు డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అని బతిమాలుకునేవాళ్లం. ఆఖరి పది రోజులు ఐసీయూలో, నోట్లో గొట్టంతో గడిచాయి. అది ఆయనకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతాం? మేం చెప్పిన లెక్క ప్రకారం ఆయనకున్నది అల్సరే కదా. ఆయనకు విషయం తెలిసే ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 'వైద్య సాయంతో మరణం' చట్టాలను చదువుతుంటే పదే పదే ఆ రోజులే గుర్తొచ్చాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ కాలిఫోర్నియాలోనూ, న్యూజెర్సీలోనూ ఈ చట్టం ఉంది. మొదట తెచ్చింది ఆరెగాన్. 1994లో అక్కడి ఓటర్లు బొటాబొటి మెజారిటీతో ఒప్పుకున్నారు. 1997లో రద్దు చేయాలని మళ్లీ ఓటింగ్ పెడితే, ఈసారి దాదాపు 60 శాతం మంది రద్దు వద్దన్నారు. ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. 2014లో బ్రిటనీ మేనార్డ్ అనే 29 ఏళ్ల యువతి, మెదడులో క్యాన్సర్‌తో, కాలిఫోర్నియా ఇల్లు వదిలి ఈ చట్టం కోసమే ఆరెగాన్‌కు మారింది. ఆమె చనిపోయిన మరుసటి ఏడాదే కాలిఫోర్నియా కూడా చట్టం చేసింది. దాని మీద సంతకం పెట్టిన గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఒకప్పుడు క్రైస్తవ మత గురువు కావడానికి చదువుకున్న మనిషి. భరించలేని నొప్పితో చనిపోయే స్థితి తనకే వస్తే ఏం చేస్తానో తెలియదనీ, కానీ అలాంటి దారి ఒకటి ఉందన్న ఆలోచనే ఊరటనిస్తుందనీ ఆయన రాశారు.

మనం మామూలుగా అనే కారుణ్య మరణానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ డాక్టర్ ఇంజెక్షన్ ఇవ్వడు. ప్రాణం పోయే మందు రాసిస్తాడు, అంతే. రోగి తన చేత్తో తానే తీసుకోవాలి. 18 ఏళ్లు నిండి ఉండాలి, ఆరు నెలలకు మించి బతకడం కష్టమని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా తేల్చాలి, మనసు స్థిమితంగా ఉండాలి. నోటితో రెండుసార్లు, కాగితం మీద ఒకసారి అడగాలి. ఆ రెండు అడగడాల మధ్య కాలిఫోర్నియాలో మొదట 15 రోజుల గడువు ఉండేది. అంతదాకా బతకలేకపోతున్నవాళ్లు ఉన్నారని 2022 నుంచి దాన్ని 48 గంటలకు తగ్గించారు.

నన్ను నిజంగా ఆగి ఆలోచించేలా చేసినవి వేరే షరతులు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రోగి తరఫున ఇంకెవరూ అడగడానికి లేదు. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా సరే, కన్నకొడుకైనా సరే. డాక్టర్ ఇంట్లోవాళ్లందరినీ బయటకు పంపి, రోగితో ఒంటరిగా మాట్లాడి, ఎవరి ఒత్తిడీ లేదని నిర్ధారించుకోవాలి. రోగికి ఇంగ్లీష్ రాకపోతే దుభాషి ఉండొచ్చు కానీ, ఆ దుభాషి రక్తసంబంధీకుడు కాకూడదు, పెళ్లి ద్వారా చుట్టం కాకూడదు, ఆస్తిలో వాటా వచ్చేవాడు కాకూడదు.

మన ఇళ్లలో దుభాషి ఎవరు? కొడుకో కూతురో. అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లో కూడా అంతే. డాక్టర్ ఐదు నిమిషాలు చెప్పింది "ఏం లేదు నాన్నా, తగ్గిపోతుందట" అన్న ఒక్క ముక్కగా మారిపోతుంది. ప్రేమతోనే చేస్తాం, అందులో అబద్ధం లేదు. కానీ మన దగ్గర రోగికే అందరికంటే ఆఖరున తెలుస్తుంది. ఈ చట్టాల పునాది మాత్రం, ముందు రోగికే తెలియాలన్నది. ఈ ఒక్క కారణానికే నేను వీటిని సమర్థిస్తాను. చావును సులువు చేస్తున్నారని కాదు, చనిపోతున్న మనిషిని మనిషిగా కూర్చోబెట్టి అడుగుతున్నారని. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ని కూడా ధర్మరాజు అడుగుతూనే ఉన్నాడు, ఆయన చెబుతూనే ఉన్నాడు.

అయినా ఒక భయం నన్ను వదలడం లేదు. ఆరెగాన్ ప్రభుత్వం ప్రతి ఏడాదీ ప్రచురించే నివేదికలో రోగులు ఈ దారి ఎందుకు ఎంచుకున్నారో డాక్టర్లు నమోదు చేస్తారు. అందరికంటే ముందుండేది నొప్పి కాదు. తన జీవితం తన చేతుల్లో లేకుండా పోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం, గౌరవం పోవడం. డబ్బు కష్టం గురించి చెప్పినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. కానీ ఇంట్లోవాళ్లకు భారమవుతున్నానన్న దిగులు పదిమందిలో నలుగురికి పైగా కనిపిస్తుంది.

ఆ మాట మనకు కొత్త కాదు. "కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలి", "మంచాన పడి ఎవరిచేతా చేయించుకోకూడదు" అని అనని పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు? ఇది కోరికా, లేక ఇంట్లోవాళ్ల ముఖాలు చూసి పుట్టిన మొహమాటమా? గదిలోంచి అందరినీ పంపేసినా ఆ మొహమాటం మాత్రం బయటకు వెళ్లదు. వికలాంగుల హక్కుల సంఘాలు ఈ చట్టాలను గట్టిగా వ్యతిరేకించేది ఇందుకే. రోజూ ఇంకొకరి సాయంతో బతికేవాళ్లకు, "అలా బతకడం కంటే పోవడం మేలు" అన్న మాట ఎలా తగులుతుందో వాళ్లు అడుగుతున్నారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి చెప్పగలను: మందు రాయించుకున్నవాళ్లలో దాదాపు మూడోవంతు దాన్ని వాడకుండానే పోతున్నారు. 2024లో ఆరెగాన్‌లో 607 మందికి రాసిస్తే, ఆ ఏడాది దాంతో చనిపోయినవాళ్లు 376 మంది. చాలామందికి అది కేవలం ధైర్యం కోసం ఇంట్లో ఉంచుకున్న సీసా. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే హాస్పీస్ సేవలు, అంటే ఆఖరి రోజుల్లో నొప్పి తగ్గించి కనిపెట్టుకుని ఉండే సేవలు, అందుకుంటున్నవాళ్లు కూడా.

ఆ చివరి మాట దగ్గరే మన పరిస్థితి వేరవుతుంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ అందని చోట, ఆసుపత్రి బిల్లుకు పొలం అమ్ముకునే చోట, 'నాకు చావు కావాలి' అన్న మాటలో మనిషి ఇష్టం ఎంతో, అప్పు ఎంతో ఎవరు విడదీస్తారు? అందుకే ఇలాంటి చట్టం ఇప్పుడే ఇక్కడ కావాలని అనలేను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. కండరాలు క్షీణించిపోయిన పాతికేళ్ల చెస్ ఆటగాడు, అవయవాలు పాడవక ముందే తనను పోనిస్తే నలుగురికి ఉపయోగపడతానన్నాడు. అతని తరఫున తల్లి అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. ఆ తల్లీకొడుకులు మనకంటే చాలా ముందున్నారని మాత్రం అంటాను. వాళ్లు దాచుకోలేదు, మాట్లాడుకున్నారు.

మన దేశంలో చట్టం ఒప్పుకునేది వేరే సంగతి. బతికే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకోవడం. దాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి ఒప్పుకుంది. మొదట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. అంత తిరగడం ఎవరివల్లా కాలేదు. 2023 జనవరిలో నిబంధన సడలించారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. పొలం, బంగారం ఎవరికెంతో రాసే వీలునామా గురించి మన ఇళ్లలో ఏళ్ల తరబడి చర్చిస్తాం, దీని గురించి ఒక్క పూట కూడా మాట్లాడుకోం.

మొన్న సంక్రాంతికి అమ్మ దగ్గర ఈ మాట ఎత్తాను. పండగ పూట ఈ గోలేంట్రా అని కసురుకుంది. సాయంత్రం తనే వచ్చి పక్కన కూర్చుంది. "గొట్టాలవీ నాకొద్దు. కానీ నాకేమైనా వస్తే ముందు నాకు చెప్పండి. మీ పెద్దనాన్నకి చేసినట్టు నాకు చేయకండి" అంది. ఆ మాటలు ఆమె చెప్పినట్టే కాగితం మీద రాసుకున్నాం. నోటరీ దగ్గరికి ఇంకా వెళ్లాలి.