విశాఖ గాలికి తగ్గ నియమం కౌన్సిల్‌దే

మహా విశాఖ నగరపాలక సంస్థ కౌన్సిల్‌లో టౌన్ ప్లానింగ్ ప్రస్తావన వస్తే సభ వేడెక్కుతుంది. ఫలానా వార్డులో అనుమతి లేని అంతస్తుకు స్లాబ్ పడుతోందని ఒక కార్పొరేటర్ లేస్తారు. ఫలానా జంక్షన్‌లో హోర్డింగ్ ఎవరి అండతో నిలబడిందని మరొకరు నిలదీస్తారు. పరిశీలించి చర్యలు తీసుకుంటామని అధికారులు జవాబిస్తారు. సభ తర్వాతి అంశానికి వెళ్తుంది. ఇలాంటి చర్చలో నిజాయితీ లేదని అనలేం. కానీ మాటలన్నీ ఒక్కొక్క కట్టడం చుట్టూ తిరుగుతాయి తప్ప, ఆ కట్టడాన్ని కొలవాల్సిన నియమం జోలికి పోవు.

ఇందుకు కొంత కారణం చట్టంలోనే ఉంది. 1979లో ఏర్పడిన ఈ కార్పొరేషన్ నేటికీ ప్రధానంగా 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ల చట్టం చట్రంలోనే నడుస్తోంది. ప్లాను మంజూరు, నోటీసు, కూల్చివేత, ప్రకటన బోర్డుకు అనుమతి, ఇవన్నీ ఆ చట్టం ప్రకారం కమిషనర్ అధికారాలు. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ విడిచే ఖాళీ స్థలం) ఎంత వదలాలో, ఎంత వెడల్పు రోడ్డు మీద ఎంత ఎత్తు లేపవచ్చో రాష్ట్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అయినా ఆ రెండింటిలో కార్పొరేటర్‌కు చివరకు మిగిలింది ప్రశ్న అడిగే హక్కే. పైగా 2012 నుంచి 2021 వరకు విశాఖకు ఎన్నికైన కౌన్సిలే లేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన సాగాక సభకు నియమాలు రాసే అలవాటు తప్పిపోతే ఆశ్చర్యపోనక్కరలేదు.

అయితే బైలాలు, అంటే నగరానికి వర్తించే స్థానిక నియమాలు, చేసే అధికారం చట్టం కౌన్సిల్‌కు ఇచ్చింది. వాటికి ప్రభుత్వ ఆమోదం కావాలన్నది నిజమే, కానీ ముసాయిదా రాసి పంపకుండా ఎవరూ ఆపలేదు. ఆ పని మొదలుపెట్టడానికి హోర్డింగ్‌ల కంటే తగిన అంశం లేదు, ఎందుకంటే ఇక్కడి గాలి వేరు. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కట్టడాల రూపకల్పనకు తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగాన్ని ముంబయికి సెకనుకు 44 మీటర్లుగా, విశాఖకు 50 మీటర్లుగా నిర్దేశించింది. తేడా ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 30 శాతం అదనపు భారం. ఇతర గుణకాలు పక్కన పెట్టి లెక్క వేసినా, 40 అడుగుల పొడవు, 20 అడుగుల ఎత్తు ఉన్న బోర్డు మీద ఆ వేగంతో వీచే గాలి సుమారు 11 టన్నుల బరువుతో నెడుతుంది. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని కొట్టింది సుమారు ఆ వేగంతోనే. అంటే పుస్తకం ముందే చెప్పిన గాలే వచ్చింది.

ముంబయిలోని ఘాట్కోపర్‌లో 2024 మే 13న పెట్రోలు బంకు మీద కూలి 17 మందిని బలిగొన్న హోర్డింగ్‌కు తుపాను కూడా అవసరం కాలేదు, వేసవి ఈదురుగాలే చాలింది. విశాఖలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. సముద్రానికి దగ్గరలోని ఒక కూడలిలో హోర్డింగ్ స్తంభం మొదట్లో ఈ మధ్య కాసేపు నిలబడి చూశాను. కాంక్రీటు దిమ్మెకు బిగించిన నట్ల మీద తుప్పు పొరలుగా లేచి వేలితో తాకితే రాలుతోంది. పైన బొమ్మ మాత్రం కొత్తది, తళతళలాడుతోంది. నీడ దొరికింది కదా అని కింద మురీ మిక్చర్ బండి పెట్టుకున్నారు. ఆ స్తంభాన్ని చివరిసారి ఎవరు పరీక్షించారో తెలిపే గుర్తు ఎక్కడా లేదు.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనల పన్ను అధికారాన్ని రాష్ట్ర జాబితా నుంచి తొలగించడంతో కార్పొరేషన్లకు ఆ పన్ను పోయింది. లైసెన్సు రుసుము, స్థలం అద్దె మిగిలాయి. చదరపు అడుగుల లెక్కన రుసుము వసూలు చేసే సంస్థకు బోర్డు పెద్దదయ్యేకొద్దీ రాబడి. అందుకే భద్రత షరతును ఆ రాబడి చూసే చేతికే పూర్తిగా వదలకూడదు.

ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం 2022 ఆగస్టు 26న ఈ విశాఖ వేదికగానే ప్రకటించారు. నాయకుల పుట్టినరోజు నాడు ఏ కూడలికి వెళ్లి చూసినా దాని గతి తెలుస్తుంది. పార్టీ ఏదైనా ఒకటే. ఇక్కడ కౌన్సిల్ సభ్యులు కొత్త తీర్మానం చేయనక్కరలేదు, తమ ముఖాలున్న ఫ్లెక్సీలు తామే తీయించుకుంటే చాలు.

భవనాల విషయం ఇంత సులువు కాదు. 2007, 2015, 2019లలో వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలు ఒక పాఠం నేర్పాయి: ముందు కట్టు, తర్వాత అపరాధ రుసుము కట్టు. పెద్ద భవనాలకు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్ తనఖా పెట్టించుకునే నిబంధన, ఎప్పటికైనా మరో పథకం వస్తుందనుకునే బిల్డర్‌ను పెద్దగా భయపెట్టదు. మరోవైపు అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం అనే పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల చిక్కు దశాబ్దాలుగా తేలక ప్లానుకు నోచుకోని ఇళ్లున్నాయి. సెట్‌బ్యాక్ మింగిన వాణిజ్య సముదాయాన్నీ, ఈ ఇళ్లనూ ‘అనధికార కట్టడాలు’ అన్న ఒకే మాటతో సభలో కలిపేయడం అన్యాయం. గెడ్డ (వాననీరు పారే వాగు) మీదికి జరిగిన గోడ మూడో రకం. వాన పడితే దాని శిక్ష పక్కవాళ్లకు. ఈ మూడింటినీ వేర్వేరు పట్టికలుగా సభ ముందు పెట్టమని అధికారులను ఆదేశించడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

హోర్డింగ్‌లకు బైలా రాస్తే అది రెండు పేజీలు దాటనక్కరలేదు. ప్రతి స్తంభానికీ మనిషి కంటి ఎత్తులో ఒక రేకు బిగించి, దాని మీద లైసెన్సు నంబరు, అనుమతించిన కొలతలు, పరీక్షించిన స్ట్రక్చరల్ ఇంజినీరు పేరు, పరీక్ష తేదీ తెలుగులో రాయించాలి. వాటిని సరిచూడటానికి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులు ఉన్నారు. రేకు లేని స్తంభానికి లైసెన్సు లేనట్టే లెక్క. 98 వార్డుల్లోనూ తనిఖీకి గడువు ఏటా సెప్టెంబరు నెలాఖరు కావాలి, తుపాన్లు ముదిరేది అక్టోబరులో కనుక.