ప్రహరీ లోపలి స్పెక్ట్రానికి వేలంపాట దేనికి?

పెద్ద గోదాములో సరుకు మోసే ఆటోమేటిక్ బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. బండికేమీ రోగం లేదు. ఇనుప ర్యాకుల మధ్య మలుపు తిరుగుతూ ఒక వైఫై యాక్సెస్ పాయింటును వదిలి ఇంకోదాన్ని అందుకునేలోపు సిగ్నల్ తెగింది. కంట్రోల్ రూమ్‌తో సంబంధం తెగితే నిలబడిపొమ్మని దానికి ముందే నేర్పారు, నిలబడింది. వెనక వస్తున్నవీ వరసగా ఆగాయి. ఫోన్‌లో వీడియో అర సెకను ఆగితే మనం పట్టించుకోం. అక్కడ ఆ అర సెకనుకే లైన్ మొత్తం స్తంభిస్తుంది.

అందుకే ఫ్యాక్టరీలు, పోర్టులు, గనులు సొంత 4జీ, 5జీ నెట్‌వర్కులు కావాలంటున్నాయి. రేడియో పరికరాలు మార్కెట్లో దొరుకుతాయి. నెట్‌వర్కును నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి రెండు సర్వర్లలో ఇమిడిపోతుంది. అన్నీ ఉన్నా, సిగ్నల్ పంపుకోవడానికి కావలసిన రేడియో తరంగాల వాటా, అంటే స్పెక్ట్రమే చేతిలో ఉండదు. చాలా దేశాల్లో దాన్ని దేశం మొత్తానికో, పెద్ద పెద్ద ప్రాంతాలకో కలిపి వేలం వేస్తారు. పోర్టుకు కావలసింది రెండు చదరపు కిలోమీటర్లు. అమ్మకానికి పెట్టేది రాష్ట్రమంత. కోట్లమంది చందాదారులున్న టెలికాం కంపెనీతో ఆ పోర్టు వేలంలో పోటీపడాలనడం నాకైతే మింగుడుపడదు. ప్రహరీ లోపల వాడుకునే స్పెక్ట్రాన్ని ఆ స్థలంపై హక్కున్నవారికి నామమాత్రపు ఫీజుతో ఇచ్చేయడమే సరైన పద్ధతి.

జర్మనీ 2019లో చేసింది ఇదే. 3.7 నుంచి 3.8 గిగాహెర్ట్జ్ వరకు 100 మెగాహెర్ట్జ్‌ను వేలంలో పెట్టకుండా, స్థలం యజమానులకో అద్దెదారులకో దరఖాస్తు మీద ఇవ్వడానికి పక్కన ఉంచింది. ఫీజు లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. ముందు 1,000 యూరోలు. ఆపైన మెగాహెర్ట్జ్‌లను సంవత్సరాలతో, ఆ వచ్చినదాన్ని 5తో, చివరికి చదరపు కిలోమీటర్లతో హెచ్చవేయాలి. జనావాసాలు, రోడ్లు ఉన్న భూమైతే దానికి ఆరు రెట్లు. ఒక చదరపు కిలోమీటరు ఫ్యాక్టరీకి మొత్తం 100 మెగాహెర్ట్జ్ పదేళ్లకు తీసుకుంటే 31,000 యూరోలు. అంతే విస్తీర్ణంలో పొలమైతే 6,000. ఏడాదికింతని పంచి చూస్తే పెద్ద కంపెనీలో ఈ ఖర్చుకు ఫైలు కూడా పైదాకా వెళ్లదు.

బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అదే ఏడాది 3.8-4.2 గిగాహెర్ట్జ్ బ్యాండును తెరిచింది. తక్కువ పవర్ లైసెన్సుకు 50 మీటర్ల వ్యాసార్థంలో 10 మెగాహెర్ట్జ్‌కు ఏడాదికి 80 పౌండ్లు. నాకు ఇంతకన్నా నచ్చింది ఆఫ్‌కామ్ పెట్టిన రెండో రూలు. టెలికాం కంపెనీ కొనుక్కుని ఒక ప్రాంతంలో వాడకుండా వదిలేసిన స్పెక్ట్రాన్ని, అక్కడ అవసరమున్నవారు అడిగి తీసుకోవచ్చు. మామూలుగా మూడేళ్లు, 950 పౌండ్లు. తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు అనే ధోరణికి ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

అమెరికా కథ వేరు, కాస్త విచారకరం కూడా. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర నౌకాదళ రాడార్లు వాడే 150 మెగాహెర్ట్జ్‌ను అందరికీ పంచడానికి అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో మూడంచెల ఏర్పాటు చేసింది. రాడార్లది మొదటి హక్కు, డబ్బు కట్టినవారిది రెండోది, మూడో అంచెలో ఉచితంగా ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరికి ఎప్పుడు ఏ చానెల్ అన్నది సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. రెండో అంచె లైసెన్సులు మొదట జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతాల (సెన్సస్ ట్రాక్టుల) లెక్కన, మూడేళ్లకు ఇస్తామన్నారు. అలాంటి ట్రాక్టులు దేశంలో 70 వేలకు పైనే. ఒక ఫ్యాక్టరీకి సరిపోయే సైజు. 2018లో ఆ రూలు మార్చి, మన జిల్లాలాంటి కౌంటీల లెక్కన, పదేళ్లకు అన్నారు. కౌంటీలు మూడు వేల పైచిలుకే. 2020 వేలంలో దాదాపు 458 కోట్ల డాలర్లు వచ్చాయి. ఎక్కువ భాగం పెట్టింది టెలికాం కంపెనీ వెరిజాన్, శాటిలైట్ టీవీ కంపెనీ డిష్, కేబుల్ కంపెనీలే. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ కూడా తన ఫ్యాక్టరీలున్న చోట్ల పాడుకుంది. ఫ్యాక్టరీ గోడల మధ్య వాడుకోవడానికి కౌంటీ మొత్తం కొనుక్కుంది! అంత స్తోమత లేనివారికి ఉచిత అంచె ఉంది. చాలామంది దానిమీదే హాయిగా నడుపుకుంటున్నారు. పక్క స్థలంలోకి రేపు ఇంకొకరు అదే ఉచిత చానెల్‌తో దిగితే మాత్రం అడిగే హక్కు లేదు.

టెలికాం కంపెనీల వాదనలో పస లేదనను. జర్మనీ 100 మెగాహెర్ట్జ్ పక్కన పెట్టడంతో వేలానికి సరుకు తగ్గి, ఉన్నదాని ధర పెరిగిందన్నది వారి మాట. 2019లో 497 రౌండ్లు సాగిన వేలం 655 కోట్ల యూరోల దగ్గర తేలింది. ఆ డబ్బు టవర్లకు పోవాల్సింది అని కంపెనీలు మొత్తుకున్నాయి. నిజమే. అయితే అది వేలం ఆదాయం మీద ప్రభుత్వాలకున్న ఆశ గురించిన ఫిర్యాదు. ఆ ఆశకు ఫ్యాక్టరీలను బలిపెట్టడం ఏం న్యాయం?

నిజంగా చిక్కుముడి పడేది ఇరుగుపొరుగు దగ్గర. 5జీలో ఈ బ్యాండ్లన్నిట్లో పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా జరుగుతాయి. జనం వీడియోలు చూస్తారు కాబట్టి పబ్లిక్ నెట్‌వర్క్ ఎక్కువ వంతులు డౌన్‌లోడ్‌కే ఇస్తుంది. ఫ్యాక్టరీలో కెమెరాలు వస్తువులను తనిఖీ చేస్తూ బొమ్మలు పైకి పంపుతుంటాయి కాబట్టి అక్కడ అప్‌లోడే ముఖ్యం. ఫ్యాక్టరీ తన వంతులు తాను వేసుకుంటే, పక్క టవర్ గొంతెత్తి మాట్లాడే వేళకు ఇది చెవి పెట్టి వింటుంటుంది. ఇంకేం వినపడుతుంది? పక్కవారి వంతులే పాటించాలి, లేదా తక్కువ పవర్‌తో గోడల లోపలే ఉండిపోవాలి. లైసెన్సు షరతుల్లో మొదట తేలాల్సింది ఈ సంగతే.

బ్యాండు ఎంపికా ముఖ్యమే. జపాన్ 2019 డిసెంబరులో 28 గిగాహెర్ట్జ్‌తో స్థానిక 5జీ మొదలుపెట్టింది. ఆ తరంగాలు గోడలు దాటవు, యంత్రం అడ్డొస్తే అక్కడికక్కడే ఆగిపోతాయి. ఏడాది తిరగ్గానే 4.6-4.9 గిగాహెర్ట్జ్ కూడా ఇచ్చింది.

భారత్ 2022 జూన్ మార్గదర్శకాల్లో టెలికాం కంపెనీతో నెట్‌వర్కు కట్టించుకోవడం, వారి స్పెక్ట్రం లీజుకు తీసుకోవడం లాంటి దారులు చూపింది. ప్రభుత్వం నేరుగా ఇచ్చే దారికి మాత్రం ముందు డిమాండ్ స్టడీ, ఆ తర్వాత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సులు అంది. నేరుగా ఇస్తారన్న నమ్మకం లేనిదే లీజు బేరంలో ఫ్యాక్టరీ మాట చెల్లదు.

నేను మెచ్చుకున్న చవక ఫీజులోనూ ఒక లొసుగుంది. అవసరం ఉన్నా లేకపోయినా తీసి పెట్టుకుంటారు. ఒకే ప్రాంగణంలో ముగ్గురు అద్దెదారులుంటే ముందొచ్చినవాడు మొత్తం 100 మెగాహెర్ట్జ్ రాయించుకోవచ్చు. ఏడాదిలోపు వాడకం మొదలుపెట్టాలని జర్మనీ షరతు పెట్టింది. ఒక మూల చిన్న రేడియో బిగించి స్విచ్ వేస్తే వాడుతున్నట్టేనా? 100 బదులు 40 మెగాహెర్ట్జ్ అడిగితే ఆ 31,000 యూరోలు 13,000 అవుతాయి, నిజమే. పెద్ద కంపెనీకి ఆ తేడా ఒక లెక్క కాదు. అక్కడ మాత్రం ఎవరో ఒకరు సిగ్నల్ కొలిచే మీటరు పట్టుకుని గేటు దాటి లోపలికి వెళ్లి చూడాల్సిందే.