దళారీ లేని ముక్క

దీపావళి టపాసుల కాగితాలు వాకిట్లోంచి ఊడ్చీ ఊడ్వకముందే మా ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వస్తుంది. నెల రోజులు ముక్క బంద్. ఈ చట్టానికి మినహాయింపు ఒక్కటే ఉంది. దాని పేరు మీల్ మేకర్.

పేరు చూసి మోసపోకండి. భోజనం తనే తయారుచేసి పెడతానన్నట్టు ఉంటుంది గానీ, దాన్ని తయారుచెయ్యడానికే ఇంటిల్లిపాదీ కదలాలి. మరిగే నీళ్లలో ఉప్పు వేసి, ఆ ముక్కలు పోసి, పైకి తేలకుండా గరిటెతో అదిమి, పది నిమిషాలు మూత పెట్టాలి. ఉబ్బాక చన్నీళ్లలో వేసి పిండాలి. నురుగొస్తుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ పిండుడు. బట్టలు పిండటానికి వాషింగ్ మెషిన్ ఉన్న మా ఇంట్లో కూర పిండటానికి నేనున్నాను. ఓసారి బద్ధకించి రెండో పిండుడు ఎగ్గొట్టాను. ముక్కల నిండా నీళ్లే ఉంటే మసాలా పాపం ఎక్కడికి పోతుంది? బయటే నిలబడింది. కొరికితే నోట్లో వేడినీళ్లు, పచ్చి సోయా వాసన. ఆ పూట అందరం పెరుగన్నం తిని లేచాం. మా ఆవిడ ఏమీ అనలేదు. గిన్నె మాత్రం కాస్త గట్టిగా సింకులో పెట్టింది.

ఇక మసాలా సంగతి. అల్లం, వెల్లుల్లి, లవంగం, చెక్క, గసగసాలు, ఎండుకొబ్బరి. మటన్‌కి ఏం పడతాయో అన్నీ పడాలి, పైన కొత్తిమీరతో సహా. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని ఇళ్లున్నాయి, వాళ్లకి నా దండం. మా ఇంటి శాస్త్రం ప్రకారం నిషేధం ఎముక ఉన్నదానికే. నాకు జాలేసేది చిత్రగుప్తుడి మీద. మా వంటింటి వాసన చూసి పద్దులో మటన్ అని రాసుకుంటాడు. కంచంలోకి తొంగిచూసి కొట్టేస్తాడు. తింటున్నప్పుడు నా మొహం చూసి మళ్లీ రాస్తాడు.

మా బావమరిది నిర్మల్ దగ్గర సోయా వేస్తాడు. జూన్ వానలకి విత్తితే దసరా దగ్గరపడేసరికి కోత. నీ పంటే కదా, ఇంట్లో వండుకుంటారా అని అడిగాను. "గింజ అమ్ముతం బావా, ప్యాకెట్ కొనుక్కుంటం," అన్నాడు. మన దేశ ఆర్థిక వ్యవస్థ గురించి ఇంత పొట్టిగా చెప్పినవాళ్లు నాకు ఇంకెవరూ తగల్లేదు.

గింజలోంచి ముందు నూనె తీస్తారు. మిగిలిన పిండిని తడిపి, వేడి, ఒత్తిడి పెట్టి ఓ పెద్ద జంతికల గొట్టంలాంటి యంత్రంలోంచి తోస్తారు. బయటపడగానే లోపలి ఆవిరి ఒక్కసారి విడిపోయి అది బొరుగులా పొంగుతుంది. ఆరబెడితే మీల్ మేకర్. అయితే నూనె తీశాక మిగిలేదాంట్లో ఎక్కువ భాగం ఇలా జంతిక కాదు, కోళ్ల దాణాలోకి పోతుంది. అంటే మామూలు ఆదివారాల్లో మనం సోయాని కోడి ద్వారా తింటున్నాం. కార్తీకంలో కోడిని తప్పించి నేరుగా తింటున్నాం. దళారీ లేని వ్యాపారం. రైతుబజారు పెట్టినప్పుడు కూడా ఇదే చెప్పారు.

వాట్సాప్‌లో ఏటా ఓ లెక్క తిరుగుతుంది. వంద గ్రాముల మీల్ మేకర్‌లో 52 గ్రాముల ప్రోటీన్, మటన్‌లో దాంట్లో సగమైనా లేదు అని. నిజమే. కాకపోతే మటన్ పచ్చిది, ఇదేమో ఎండుది. నానబెడితే బరువు మూడింతలవుతుంది, ప్రోటీన్ మాత్రం పెరగదు. అప్పుడు వందకి 17 దాకా వస్తుంది. నానక ముందు పులి, నానాక పిల్లి. అయినా మంచి పిల్లే, నేను కాదనను.

నా గొడవల్లా వేషం గురించే. మన పప్పుదినుసులు ఏనాడూ ఇంకొకరి పేరు పెట్టుకుని బతకలేదు. ఉలవలు ఎద్దులకి ఉడకబెట్టి, ఆ నీళ్లు మనం కాచుకుంటే ఉలవచారైంది. దాన్ని ఎవరూ వెజ్ పాయా అనలేదు. చిత్తూరు వైపు అనపగింజలు తొక్క తీసి, పితికిపప్పు చేసి పులుసు పెడతారు. తొక్క తీయడానికి వేళ్లు అరిగిపోతాయి, కానీ తినేవాడు "అచ్చం మటన్‌లా ఉంది" అంటే వండినావిడకి కోపమొస్తుంది. గోదావరి జిల్లాల పాటోళీ అన్నిటికంటే గొప్పది. శనగపప్పు నానబోసి, బరకగా రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, పొడిపొడిగా చిదిమి, గోరుచిక్కుళ్లతో కలిపి పోపులో వేయిస్తారు. చూడ్డానికి అచ్చం కీమా. తనని కీమా అని పిలవమని ఏ రోజూ అడగలేదు.

మీల్ మేకర్‌కి మాత్రం సొంత కూరంటూ లేదు. వచ్చినప్పటినుంచీ సెలవు మీద వెళ్లినవాడి కుర్చీలో కూర్చుని సంతకాలు పెడుతోంది. ఈ తాత్కాలిక ఉద్యోగిని పర్మనెంట్ చేసి, ఓ సొంత తాలింపు, సొంత పులుసు మంజూరు చెయ్యాలని నా డిమాండ్. కమిటీ వేస్తే నేను సిద్ధం. పిండే పని తప్ప ఏదైనా చేస్తాను.

మొన్న కార్తీకం ముగిశాక పోలి స్వర్గం నాడు తెల్లారుజామున అరటిదొప్పల్లో దీపాలు వదిలి, ఆ వెంటనే వచ్చిన ఆదివారం ఆరింటికే సంచి పట్టుకుని మటన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడ్డాను. కిలో తెచ్చాను. అదే మసాలా, అదే కుక్కర్, ఆరు విజిల్స్. నెల రోజుల విరహం తర్వాత మొదటి ముద్ద కలుపుతున్నాను. పక్కన మా ఆరేళ్లవాడు ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తీసి కంచం అంచున పెట్టాడు.

"అమ్మా, నాన్న ఇవాళ సరిగ్గా నానబెట్టలేదు."